అప్పగింతల రిజిస్టరు

అనంతపురం ఫ్యామిలీ కోర్టులో
వరండా చివర పిల్లల గది తాళంచెవి
పదకొండేండ్లుగా నా కొంగుముడిలోనే ఉంది.
మొదటి శనివారం, మూడో శనివారం
తొమ్మిదిన్నరకే వచ్చి ఊడుస్తా.
చక్రం లేని లారీ, తోక తెగిన గుర్రం,
గోడమీద జిరాఫీ.
మెడ మధ్యలో కిటికీ అడ్డమొచ్చిందని
పెయింటరు తల మాత్రం పైన విడిగా వేసిపోయినాడు.

బల్లమీద రిజిస్టరు.
అట్టమీద ఇంగ్లీషులో ఏదో పేరుంది.
నేను అప్పగింతల రిజిస్టరు అంటాను.
మా వీధి పెండ్లిండ్లలో చూసినా,
పాలలో ముంచిన చేతులు తెచ్చి చేతుల్లో పెడతారు,
డోలు ఆగిపోతుంది, మగవాళ్లు కూడా తల తిప్పుకుంటారు.
ఇక్కడ పెన్ను మూత తీస్తే చాలు.

గళ్లు ఐదు.
తేది, టైము, తెచ్చినవారు, తీసుకున్నవారు,
ఆఖరిది బిడ్డ స్థితి.
అది నేనే నింపుతా. "బాగుంది."
ఒళ్లు కాలుతున్నా, ఏడ్చి ముక్కు ఎర్రబడినా
బాగుంది.
వేరే మాట రాస్తే లాయర్లు దాన్ని పట్టుకొని
ఆర్నెల్లు లాగుతారు.

మౌనేష్ వాళ్ల కేసుకు మూడేండ్లు.
నాయిన తిప్పేస్వామి చీనీకాయల లారీ తోలుతాడు.
ఢిల్లీకి పోయి తిరిగొచ్చేలోపల
ఒక శనివారం పోతుంది.
పోయిన శనివారానికి బదులు ఇప్పించమని ఒక అర్జీ,
ఇప్పించొద్దని దానికి కౌంటరు.
అమ్మ శ్యామల ధర్మవరంలో చీరెలకు కుచ్చులేస్తుంది,
సంతకం పెట్టేటప్పుడు చూస్తా,
గోటి సందున జరీ పోగు మెరుస్తాంటుంది.
ఇద్దరూ చెడ్డోళ్లు కారు.
ఈ ఒక్క మాట కోసం
నన్నెవరూ బోనెక్కించరు.

గడప అవతల ఆమె చెయ్యి వదుల్తుంది.
లోపల బెంచీ దగ్గర ఆయన చెయ్యి చాపుతాడు.
నడుమ రొండు కడప బండలు.
ఆ రొండు బండలూ పిలగాడు
ఎవరి చెయ్యీ లేకుండా నడుస్తాడు.
మొదట్లో ఉరికేవాడు.
ఇప్పుడు గీత తొక్కకుండా అడుగేస్తాడు,
తొక్కుడుబిళ్లలో మాదిరి.

ఆయన చీనీకాయ ఒలిచి
తెల్లపొర కూడా తీసి, గింజలు తన చేతిలోకి ఏరి,
ఒక్కో తొన ఇస్తాడు.
మాటలు పెద్దగా ఉండవు.
గడియారం చూడడం పిలగాడు బళ్లో నేర్వలేదు,
ఈ గదిలో నేర్చినాడు.
"పెద్దముల్లు ఆడికొస్తే నీ టైము అయిపాయ నాయినా"
వాడే గుర్తు చేస్తాడు,
ఎవరో వచ్చి చెప్పకముందే.

పోయిన నెల జడ్జిమేడం వాణ్ని చాంబర్లోకి పిలిచి
తలుపేసి అడిగిందంట,
ఎవరి దగ్గర ఉంటావని.
వాడేం చెప్పినాడో బయటికి రాలేదు.
వాడు వచ్చినాడు.
నా దగ్గర నీళ్లడిగి
చెంబెడూ దించకుండా తాగినాడు.

మొన్న శనివారం, పన్నెండు.
ఆమె సంతకం పెట్టింది. ఆయన పెట్టినాడు.
వాడు మునివేళ్లమీద లేచి
బల్లమీదికి తొంగి చూసి
"నాది యాడ మాబవ్వా?"
"నీది అక్కర్లేదు నాయినా. నువ్వు మైనరు."
"నాకు రాయడమొచ్చు."
పెన్ను ఇచ్చినా. ఇయ్యగూడదు, తెలుసు.
గడి లేదు గదా,
ఎర్రగీత అవతల అంచులో రాసినాడు,
నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి,
మౌ అంత పెద్దది,
ష్ చోటు చాలక కిందికి జారింది.
అమ్మానాయినా ఇద్దరూ
ఒకే కాగితంలోకి వంగి చూసినారు.
ఎన్నాళ్లకో.

సోమవారం సూపర్నెంటు పేజీ తిప్పి
కండ్లద్దాలు నొసటిమీదికి ఎత్తి
"ఇదేంది మాబున్నీ, ఎవరు గీకినారు?"
"పార్టీ సంతకం సార్."
ఆయన ఇంకోసారి చూసి
ఏమీ అనకుండా మూసినాడు.
అదే వరసలో
ఆఖరి గడి నేను నింపకుండా వదిలినా.
అది ఆయన చూడలేదో,
చూసినాడో.